చేత్తో రంగులద్దిన పాత రేకు బొమ్మ రైళ్లు: రాయలసీమలో ఉండి సేకరించే పద్ధతి

మద్రాసు రైల్వే వాళ్ల లైను కడప, గుత్తి మీదుగా 1871లో రాయచూరు చేరి బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది. 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఏర్పడింది. 1956లో గుంతకల్లు డివిజన్ వచ్చింది. గుంతకల్లు, గుత్తి, డోన్, నందలూరు లాంటి ఊళ్లలో మూడు నాలుగు తరాలుగా రైల్వే తిండి తిన్న కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇళ్ల అటకల మీద బొమ్మ రైలు వెతకడం పిచ్చిపనేం కాదు.

అలాగని 1900 నాటి జర్మనీ ఇంజను గుజిరీ అంగట్లో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఇక్కడ కనిపించేవి ఎక్కువగా అచ్చు వేసిన రేకు బండ్లు, జపాన్ బొమ్మలు, మన దేశంలోనే పాత డబ్బా రేకులతో చేసినవి. చేత్తో రంగు వేసినది ఎప్పుడో ఒకటి తగులుతుంది. ఆ ఒక్కటి ఎదురైనప్పుడు గుర్తుపట్టాలంటే కన్ను ముందే తయారై ఉండాలి. ఈ సరదాలో మనం డబ్బు పెట్టేది ఆనాడు వేసిన అసలు రంగుకు. రేకు, చక్రాలు, స్ప్రింగు మళ్లీ చేయించుకోవచ్చు. వందేళ్ల కిందటి రంగును మళ్లీ తెచ్చుకోలేం. కింద చెప్పేవన్నీ ఆ రంగును గుర్తించడానికి, దానికి సరైన ధర కట్టడానికి, చెడిపోకుండా చూసుకోవడానికే.

1. ముందు చరిత్ర కొంచెం తెలుసుకోండి

బొమ్మ రైళ్లకు పుట్టిల్లు జర్మనీ. గోపింగెన్ ఊళ్లో 1859లో మొదలైన మెర్క్లిన్ కంపెనీ మొదట్లో పిల్లల బొమ్మరిళ్లకు వంట సామాన్లు చేసేది. 1891లో లైప్జిగ్ సంతలో ఎనిమిది అంకె ఆకారంలో పట్టాలు పరిచి, గేజికో (అంటే పట్టాల మధ్య వెడల్పుకో) నంబరు ఇచ్చి, ఇంజను, బోగీలు, స్టేషన్లు విడివిడిగా కొనుక్కునే పద్ధతి తెచ్చింది. అప్పటిదాకా బొమ్మ రైలు కొంటే అంతటితో సరి. ఆ తర్వాత ప్రతి పండక్కీ ఒక బోగీ కొనిపెట్టమని పిల్లలు ఇంట్లో పోరుపెట్టడం మొదలైంది. వ్యాపారం తెలిసినవాళ్ల పని.

న్యూరెంబర్గ్ నగరంలో బింగ్ సోదరుల కంపెనీ ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పెద్ద బొమ్మల ఫ్యాక్టరీ. 1930ల మొదట్లో మూతపడింది. అదే ఊళ్లో జార్జ్ కరెట్ అనే ఫ్రెంచి వ్యక్తి 1886లో పెట్టిన కంపెనీ మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1917లో ఆగిపోయింది. ఇంగ్లండులో 1899లో మొదలైన బాసెట్-లోక్ ఈ బింగ్, కరెట్ కంపెనీల చేత బ్రిటిష్ రైళ్ల నమూనాలు చేయించి అమ్మేది. అందుకే ఇంజను మీద ఇంగ్లండు రైల్వే పేరు, అడుగున జర్మన్ ముద్ర కనిపిస్తే నకిలీ అని తొందరపడొద్దు. లివర్‌పూల్ నుంచి హార్న్‌బీ రైళ్లు 1920లో వచ్చాయి. బ్రిటిష్ కాలంలో మన దేశానికి వచ్చి మిగిలిన వాటిలో ఎక్కువ ఆశ పెట్టుకోదగ్గది ఈ హార్న్‌బీ మీదే.

పరిధి కూడా ఇప్పుడే తేల్చుకోండి. పట్టాలు లేకుండా నేల మీద తోసే చిన్న రైళ్లా, కీ ఇచ్చి పట్టాల మీద నడిపేవా, లేక ఒక్క హార్న్‌బీయేనా? అన్నీ కావాలనుకుంటే ఇంట్లో రేకు కుప్ప తప్ప సేకరణ మిగలదు. కొత్తవాళ్లకు నా సలహా నేల రైళ్లతో మొదలుపెట్టమని. చిన్నవి, మరీ ఖరీదు ఉండవు. పైగా వాటి మీద కుంచె పని చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

2. సంచిలో ఉండాల్సినవి

పది రెట్లు పెద్దది చేసి చూపే కంసాలి భూతద్దం ఒకటి. ప్రొద్దుటూరు బంగారు బజారు దగ్గరున్నవాళ్లకు అది వెతుక్కునే వస్తువు కాదు. చిన్న అయస్కాంతం, స్టీలు స్కేలు, సెల్ టార్చి, దొంగ నోట్లు పట్టుకోవడానికి అంగళ్లలో వాడే ఊదా రంగు లైటు, మెత్తటి నూలు గుడ్డ. ఇవి చాలు.

3. రంగును చదవడం

ఇక్కడ తొందర పనికిరాదు.

రేకు బొమ్మకు రంగు రెండు రకాలుగా వస్తుంది. పాత పద్ధతిలో కళాయి పూసిన పలుచని ఉక్కు రేకును కత్తిరించి, వంచి, టంకం పెట్టి, బండి ఆకారం వచ్చాక ఎనామెల్ రంగు వేసి, పొయ్యిలో వేడి చేసి గట్టిపరిచేవాళ్లు. తర్వాత సన్నటి కుంచెతో గీతలు, కిటికీ అంచులు, బంగారు రంగు పట్టీలు. ఈ కుంచె పని చేసినవాళ్లలో చాలామంది ఆడవాళ్లు. రెండోది అచ్చు పద్ధతి. రేకు మీద ఆఫ్‌సెట్‌లో అచ్చు వేసే విధానానికి ఇంగ్లండులో 1875లో పేటెంటు వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా బొమ్మల ఫ్యాక్టరీలు దాన్ని అందుకున్నాయి. ఇందులో రేకు చదునుగా ఉన్నప్పుడే బొమ్మంతా అచ్చు పడుతుంది. ఆ తర్వాతే కత్తిరించి, వంచుతారు.

ఈ వరస తేడా తెలిస్తే సగం పరీక్ష అయిపోయినట్టే. అచ్చు వేసిన బండికి టంకం పెడితే ఆ వేడికి రంగు మాడిపోతుంది. అందుకని ఒక రేకు చెవిని ఇంకో రేకు గాటులో దూర్చి మడిచి బిగిస్తారు. ఆ చెవుల అంచులు, కత్తిరించిన చోట్లు రంగు లేకుండా తెల్లగా మెరుస్తుంటాయి. చేత్తో వేసిన బండిలో రంగు అతుకుల్లోకి, మూలల్లోకి దిగి ఉంటుంది. అంచు చుట్టూ తిరిగి లోపలివైపుకూ కొంచెం పాకి ఉంటుంది. చెవులతో బిగించి పైన రంగు వేసినవీ ఉన్నాయి. కాబట్టి చెవులు కనిపించగానే అచ్చు బండి అని పక్కన పెట్టేయకండి. ఆ చెవి మీద రంగు ఉందా లేదా అన్నది చూడండి.

ఇప్పుడు భూతద్దం. అచ్చు బొమ్మలో రంగుల మధ్య చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి, లేదా గీత ఎక్కడ చూసినా ఒకే మందంతో, తడబాటు లేకుండా ఉంటుంది. కుంచె గీత అలా ఉండదు. మొదలు పెట్టినచోట లావుగా, చివర సన్నగా. మధ్యలో కుంచెను మళ్లీ రంగులో ముంచిన చోట చిన్న ఉబ్బు. బోగీకి ఒకవైపు ఎనిమిది కిటికీలుంటే ఎనిమిదీ ఒకేలా ఉండవు. గీతను వేలితో తాకితే మెట్టులా తెలుస్తుంది. అంకెలు, అక్షరాలు మాత్రం రబ్బరు ముద్రతోనో, అంటించే కాగితంతోనో వేసి ఉండవచ్చు. అది మామూలే.

తర్వాతి ప్రశ్న కష్టమైనది: ఇది ఆనాటి రంగేనా, తర్వాత ఎవరైనా వేసిందా? నేను ముందు చూసేది అరుగుదల. పిల్లాడు ఆడుకున్న బండి చేతితో పట్టుకునే చోట, పైకప్పు అంచుల దగ్గర, కీ రంధ్రం చుట్టూ అరుగుతుంది. ఎవరూ తాకని పొట్ట కింద అరిగి, పైకప్పు నిగనిగలాడుతుంటే అనుమానించాలి. పాత ఎనామెల్‌లో సన్నటి పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్ల లోపల దశాబ్దాల మురికి నిండి నల్లటి గీతల్లా కనిపిస్తుంది. కొత్త రంగు సొట్టలోకి, తుప్పు గుంటలోకి కూడా దిగి ఉంటుంది. అంటే సొట్ట ముందు, రంగు తర్వాత అన్నమాట. చెవి మడత దగ్గర రంగు పగలకుండా ఉంటే, మడత విప్పి మళ్లీ బిగించాక రంగు వేశారని అర్థం.

చీకటి గదిలో ఊదా లైటు వేసి చూడండి. బండి అంతా ఒకే తీరుగా కనిపించాలి. పాత లక్క వార్నిష్ నారింజ ఛాయలో మెరుస్తుంది. తర్వాత దిద్దిన చోట్లు మచ్చల్లా విడిగా తేలతాయి. ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పకూడదు కానీ, అమ్మేవాడి మాటకూ వస్తువుకూ పొంతన ఉందో లేదో తేలిపోతుంది.

అయస్కాంతం అంటుకోకపోతే అది ఉక్కు రేకు కాదు. ఇత్తడో, జింకు మిశ్రమమో, అల్యూమినియమో అయి ఉంటుంది. ప్లస్ గుర్తు గాటు ఉన్న స్క్రూలు 1930ల మధ్యలో గానీ బజారుకు రాలేదు. 1905 బండి అని చెప్పి అలాంటి స్క్రూ చూపిస్తే కనీసం ఆ భాగమైనా తర్వాతిదే.

కర్నూలు పాతబస్తీ నుంచి వచ్చిన వస్తువైతే ఇంకొక పరీక్ష ఉంది. 2009 అక్టోబరు వరదలో అక్కడ ఇళ్లకు ఇళ్లే మునిగాయి. నీళ్లలో నానిన బండికి లోపలి అతుకుల్లో సన్నటి ఒండ్రు ఉంటుంది. ఒకే మట్టంలో అడ్డగీత లాంటి మరక, అక్కడి నుంచి కిందికి రంగు కింద తుప్పు ఉబ్బులు. పైకి రంగు బాగున్నా అది నెమ్మదిగా పెచ్చులూడుతుంది.

4. ముద్రలు, గేజి

బింగ్ బండి మీద జీ.బీ.ఎన్. అని ఉంటే సుమారు 1919కి ముందుది, బీ.డబ్ల్యూ. అని ఉంటే ఆ తర్వాతిది. జీ.సీ. అంటే కరెట్. కె.బీ.ఎన్. అంటే కార్ల్ బుబ్ అనే మరో జర్మన్ బొమ్మల కంపెనీ. డీ.ఆర్.జీ.ఎం. అన్నది కంపెనీ పేరు కాదు. జర్మనీలో 1891 నుంచి ఇచ్చిన, చిన్న పేటెంటు లాంటి ఒక రకం రక్షణ గుర్తు. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం తెచ్చింది కూడా ఆ కాలంలోనే. ‘యూ.ఎస్. జోన్ జర్మనీ’ అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే వచ్చిన సంవత్సరాలది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అంటే 1952కి ముందుది. ముద్రే లేని బండ్లు కోకొల్లలు. చవక నేల రైళ్ల మీద ఎవరూ పేరు వేసుకోలేదు. ముద్ర లేదని వదిలేయకండి, ముద్ర ఉందని నమ్మేయకండి.

మీటరు గేజి, బ్రాడ్ గేజి రెండూ చూసిన ఊళ్ల వాళ్లకు గేజి గురించి విడమరచి చెప్పక్కర్లేదు. పట్టాల లోపలి అంచుల మధ్య 32 మిల్లీమీటర్లు ఉంటే సున్నా గేజి, 45 ఉంటే ఒకటో గేజి. మెర్క్లిన్ పాత జాబితాల్లో పట్టా నడిమి నుంచి నడిమికి కొలిచి 35, 48 అని రాసేవాళ్లు. లెక్క కలవలేదని కంగారు పడొద్దు.

5. ఎక్కడ వెతకాలి

మొదట రిటైరైన రైల్వే వాళ్ల ఇళ్లు. అంగడికి వచ్చేసరికి వస్తువు కథ పోతుంది, పెట్టె పోతుంది, కీ పోతుంది. ఇంట్లో ఉన్నప్పుడు చూస్తే మూడూ ఉండే అవకాశం ఉంది. తెలిసినవాళ్ల ద్వారా వెళ్లండి. బొమ్మ అమ్ముతారా అని మొదటి మాటే అడక్కండి. ఆయన ఏ ఇంజను మీద పనిచేశారో అడిగితే చాలు, తక్కినది ఆయనే చెబుతారు, కాఫీ కూడా వస్తుంది.

తర్వాత గుజిరీ అంగళ్లు. ఇక్కడ వస్తువును బొమ్మగా కాక తూకానికి కొంటారు. వారానికోసారి మొహం చూపించి వస్తుంటే మీ కోసం పక్కన పెడతారు. ఏదైనా దొరికినప్పుడు, ‘యాడిది అన్నా ఇది? దీని జతకు ఇంకేమన్నా వచ్చినాయా?’ అని తప్పకుండా అడగండి. బోగీ ఒకటి వచ్చిందంటే పట్టాలు, సిగ్నలు, టెండరు (ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) అదే మూటలో ఉండవచ్చు. పట్టాలను ఇనుప ముక్కలనుకుని ముందే తూకానికి పంపేస్తారు.

అనంతపురం వాళ్లకు బెంగళూరు ఆదివారం బజారు దగ్గర. కర్నూలు వాళ్లకు హైదరాబాదు జుమ్మెరాత్ బజారు. ముంబయి చోర్ బజారు మటన్ స్ట్రీట్‌లో సరుకు ఎక్కువే, పాతగా కనిపించేలా చేసిన కొత్త సరుకు ఇంకా ఎక్కువ. అక్కడికి కొనడానికి కాక చూడటానికి వెళ్లండి, కనీసం మొదటిసారి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో బొమ్మల విభాగం ఉంది. పాత రంగు మీద వయసు ఎలా పడుతుందో గాజు వెనక నుంచైనా తీరిగ్గా చూసి రావచ్చు.

తిరునాళ్లలో అమ్మిన మన రేకు బొమ్మలను చిన్నచూపు చూడకండి. కొన్నింటి లోపలివైపు తిప్పి చూస్తే నూనె డబ్బా, డాల్డా డబ్బా అచ్చు అలాగే ఉంటుంది. వీటి గురించి పట్టించుకున్నవాళ్లు తక్కువ కాబట్టి ఇప్పటికీ అందుబాటు ధరలోనే ఉన్నాయి. నన్నడిగితే రాయలసీమలో కూర్చున్న సేకర్త చేయగల అసలైన పని ఇదే.

6. ధర, బేరం

ధరను నిర్ణయించేవి ఈ వరసలో చూస్తాను: అసలు రంగు ఎంత మిగిలింది, భాగాలన్నీ దానివేనా, పెట్టె ఉందా, అరుదైనదా. పూర్తిగా మళ్లీ రంగు వేసిన బండి విలువ సగానికి పైగా పడిపోవడం మామూలే. అందుకని రంగు పోయి వికారంగా ఉన్నా సరే, అసలు రంగు ఉన్నదాన్నే కొనండి. నిగనిగలాడేదాని జోలికి పోవద్దు. ఇంజను ఒక కంపెనీది, టెండరు ఇంకో కంపెనీది కలిపి సెట్టు అని అమ్ముతారు. రెండింటి ఆకుపచ్చనూ ఎండలో పక్కపక్కన పెట్టి చూడండి. ట్యూబులైటు కింద తేడా తెలియదు.

ఇంటివాళ్ల దగ్గర కొనేటప్పుడు మాత్రం బేరం వేరు. అది ఎంత విలువైనదో మీకు తెలిసి, వాళ్లకు తెలియకపోతే చెప్పి కొనండి. డెబ్బై ఏళ్ల అమ్మ దగ్గర మూడొందలకు కొట్టేసి సంబరపడటం నాకు నచ్చని పని. పైగా ఆ సంగతి కాలనీ అంతా పాకితే తర్వాత ఒక్క తలుపూ తెరుచుకోదు. తెల్ల కాగితం మీదైనా రసీదు రాయించుకోండి: తేదీ, ధర, ఎవరిదగ్గర కొన్నది, ఇంట్లోకి ఎలా వచ్చింది. ఆ బొమ్మతో పిల్లాడు దిగిన పాత ఫొటో ఉంటే నకలు అడగండి.

విదేశీ వేలంపాటల్లో కొనాలంటే జర్మనీలో లాడెన్‌బర్గ్, ఇంగ్లండులో వెక్టిస్, అమెరికాలో బెర్టోయా పేరున్నవి. పాట ధర మీద కొనుగోలుదారు రుసుం సాధారణంగా 20 శాతం దాటుతుంది. ఆపైన రవాణా, కస్టమ్స్. బొమ్మల మీద సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 నుంచి 60 శాతానికి పెంచింది, ఆ తర్వాత కూడా మార్పులు వచ్చాయి. కొత్త బొమ్మలకు నాణ్యతా గుర్తు నిబంధన కూడా ఉంది. వందేళ్లు దాటిన పాత వస్తువులకు కస్టమ్స్‌లో వేరే శీర్షిక ఉంది. కాబట్టి పాట పాడకముందే కస్టమ్స్ ఏజెంటును అడిగి, వయసును రాతపూర్వకంగా ఇమ్మని వేలం సంస్థను కోరండి.

7. ఇంటికి తెచ్చాక

మొదటి వారం ఏమీ చేయకండి. ఫొటోలు తీసి పక్కన పెట్టండి.

తర్వాత మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. రంగు పెచ్చులు లేస్తున్న చోట కుంచె కూడా తాకించొద్దు. మురికి మొండిగా ఉంటే, కింది భాగంలో కనపడని మూల డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన దూదిపుల్లతో ఒక్కసారి తిప్పి చూడండి. దూదికి రంగు అంటితే అక్కడే ఆపేయాలి. మ్యూజియాల్లో ఇదే పనికి ఉమ్మితో తడిపిన దూదిపుల్ల వాడతారంటే నవ్వొస్తుంది గానీ నిజమే. అందులోని ఎంజైములు జిడ్డును మెల్లగా వదిలిస్తాయి.

చింతపండు, సబీనా, విభూతి, ఇత్తడి పాలిష్, కిరసనాయిలు, కొబ్బరినూనె వద్దు. ఇంట్లోవాళ్లు దసరాకు ముందు సామాన్లు తోమే రోజున బండ్లను బీరువాలో పెట్టి తాళం వేసుకోండి. ఆయుధపూజ నాడు బొట్టు పెట్టాలనుకుంటే బండికి కాక, దాన్ని ఉంచిన అరకు పెట్టండి. పసుపు మరక పాత వార్నిష్‌లోకి దిగితే పోదు.

రంగు లేని చోట తుప్పు ఉంటే కుట్టుమిషను నూనె ఒక్క చుక్క, సూది మొనతో. తుప్పు మీద గరుకు కాగితం పెట్టారంటే పక్కనున్న రంగు కూడా పోతుంది.

కొన్ని పాత బండ్లకు సీసపు చక్రాలుంటాయి. వాటి మీద తెల్ల పొడి కనిపిస్తే అది విషం. ఊదకండి, చేతులు కడుక్కోండి. ఆనాటి రంగుల్లోనూ సీసం ఉండేది. పిల్లలకు చూపించండి, ఆడుకోవడానికి ఇవ్వకండి. 1930ల నుంచి వచ్చిన జింకు మిశ్రమం చక్రాలు పగిలి పొడి అవుతుంటాయి. లోహంలో కలిసిపోయిన మలినాల వల్ల వచ్చే జబ్బు అది, తేమ ఉంటే ముదురుతుంది. మందు లేదు, అయితే పక్క బండికి అంటదు. విరిగిన చక్రాలను కవరులో వేసి బండితోపాటే ఉంచి, కొత్తవి వేయించండి.

8. కీ, కరెంటు

కీ ఇచ్చే బండి వచ్చిందంటే అందరికీ తిప్పి చూడాలనే ఉంటుంది. లోపల గ్రీజు గట్టిపడి ఉంటుంది. బలవంతంగా తిప్పితే స్ప్రింగు తెగి పళ్ల చక్రాన్ని విరగ్గొడుతుంది. గడియారాలు బాగుచేసే పాతకాలపు మనిషి ఎవరైనా ఉంటే ఆయన దగ్గరికి తీసుకెళ్లి, శుభ్రం చేసి నూనె వేస్తే చాలని, బయటి రంగు తాకొద్దని ముందే చెప్పండి. స్ప్రింగు డబ్బాను ఇంట్లో విప్పకండి. ఒక్కసారిగా విచ్చుకుంటే వేళ్లు కోసేస్తుంది. తర్వాత కూడా సగం చుట్లకు మించి తిప్పొద్దు. చుట్టి వదిలేయడమూ వద్దు.

1920ల నాటి కొన్ని కరెంటు రైళ్లు నేరుగా ఇంటి కరెంటుతో, బల్బును అడ్డం పెట్టి నడిపేలా చేశారు. పట్టాల్లోనే ప్రాణం తీసే కరెంటు ఉంటుంది. అలాంటిదాన్ని ప్లగ్గులో పెట్టే ఆలోచనే చేయకండి. స్పిరిటు దీపంతో ఆవిరి పుట్టించే ఇంజన్లనూ వెలిగించొద్దు, ఆ మంటకు మొదట కాలేది రంగే.

9. దాచడం

ఈ విషయంలో మనం అదృష్టవంతులం. విశాఖ, మచిలీపట్నం వాళ్లు ఉప్పుగాలితో వేగాలి. అనంతపురం గాలిలో తేమ తక్కువ, తుప్పు నెమ్మదిగా పడుతుంది. మన శత్రువులు దుమ్ము, ఎండ. రేకుల ఇంట్లో, మిద్దె మీది గదిలో పెట్టకండి. పగటి వేడికి ఉక్కు సాగి, రాత్రికి ముడుచుకుంటుంటే పైనున్న గట్టి రంగు తట్టుకోలేక పగులుతుంది. ఇంట్లో నడిమి గది, ఎండ పడని గోడ మంచిది. మట్టి మిద్దె ఇల్లయితే పైనుంచి రాలే మన్ను కోసం అద్దాల అర తప్పదు.

ప్లైవుడ్, కొత్త చెక్క అరల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసపు చక్రాలను తినేస్తుంది. మన ఇళ్లలో గోడకు కట్టే కడప రాతి అరలు ఈ పనికి చక్కగా సరిపోతాయి, ఏ ఆవిరీ వదలవు. పైన ఉతికిన నూలు గుడ్డ పరచండి. న్యూస్‌పేపరులో చుట్టకండి, కలరా ఉండల పక్కన పెట్టకండి. అక్టోబరు, నవంబరు వానల్లో అరలో సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారగానే వేడి చేసి మళ్లీ వాడుకోండి.

10. రిజిస్టరు, చట్టం

ఒక లాంగ్ నోటుబుక్కులో బండికో పేజీ: కొలతలు, ముద్ర, లోపాలు, రసీదు, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో. ఏ మరమ్మతు చేయించారో కూడా దాచకుండా రాయండి. రేపు కొనేవాడు అడిగేది అదే.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాత్మక, చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మీ బండి ఆ కోవలోకి వస్తుందా రాదా అన్నది మీరో నేనో తేల్చేది కాదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపాలన్నా, బయటి వేలంలో పెట్టాలన్నా ముందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ వాళ్లకు వస్తువు చూపించి, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. అది చేతికి వచ్చాకే పార్సిలు కట్టండి.